ఏకచక్రపురం నుంచి ట్రైలర్ దాకా: మన కథలు ఎవరిని దాచాయి?

ట్రైలర్ వచ్చిన గంటలోపే దాన్ని ఆపి ఆపి చూసి, ఆ నీడ ఎవరిది, ముసుగు వెనుక నటుడెవరు, అసలు విలన్‌ను పక్కనపెట్టి ఎవరినో చూపిస్తున్నారా అని లెక్కలు కట్టే అలవాటు మీద ఈమధ్య చాలా రాతలు వస్తున్నాయి. వాటిలో దాదాపు అన్నీ ఒకే కథ చెబుతాయి. ఈ ఆట మార్వెల్ సినిమాలతో మన దేశానికి వచ్చిందనీ, 2015లో 'బాహుబలి'లోని కట్టప్ప ప్రశ్నతో తెలుగువాళ్ళకు అంటుకుందనీ, సూపర్‌హీరో సినిమాలు మొదలయ్యాక ముదిరిందనీ వాటి సారాంశం. ఈ కథనం నాకు రెండు విధాలుగా తప్పనిపిస్తుంది. ఊహల ఆటకు అంత తక్కువ వయసు లేదు. అంతకంటే ముఖ్యం, తెలుగు కథ దాచుకుంటూ వచ్చింది ఎక్కువగా దుష్టుణ్ణి కాదు, వీరుణ్ణి. ఆ సంగతి మరిచి మన ట్రైలర్లలో విలన్ కోసం వెదుకుతున్నారు కాబట్టి ఊహలు గురి తప్పుతున్నాయి, వాటికి తగ్గట్టు తీస్తున్న సినిమాలూ దెబ్బతింటున్నాయి.

ఈ చరిత్రను హైదరాబాదు నుంచి కాక చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు నుంచి చూడటానికి కారణముంది. 2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లా అయిన ఈ నేలమీద చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. బాగేపల్లి దాటి హైదరాబాదు రోడ్డు మీద కాస్త ముందుకెళితే కొడికొండ చెక్‌పోస్టు, ఆంధ్ర. ఇక్కడివాళ్ళకు తెలుగు సినిమా సొంతమే, కానీ దాని చుట్టూ ఉండే అచ్చు ప్రపంచం సగమే సొంతం. చూసిందాన్ని బట్టీ విన్నదాన్ని బట్టీ కథను ఊహించుకోవడం వాళ్ళకు ముందునుంచీ అవసరమే.

చింతామణి తాలూకాలోని కైవారమే మహాభారతంలోని ఏకచక్రపురమని ఈ ప్రాంతపు నమ్మకం. కైవార తాతయ్యగా పేరుపొందిన నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన ఊరది. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనంటారు, భీమేశ్వరాలయం కూడా ఉంది. స్థలం నిజమా కాదా అన్నది నాకిక్కడ పని లేదు. ఆ కథ ఎలా నడుస్తుందో చూడండి. రాక్షసుడెవరో ఊరందరికీ తెలుసు. వాడి ఆకలికి ఎంత కావాలో, బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి, అదీ తెలుసు. తెలియనిదల్లా బ్రాహ్మణ వేషంలో బిచ్చమెత్తుకుంటున్న ఆ ఐదుగురు ఎవరన్నదే. కొడుకు సంగతి బయటికి పొక్కనివ్వద్దని కుంతి తమకు ఆశ్రయమిచ్చిన ఇంటి బ్రాహ్మణుణ్ణి ముందే హెచ్చరిస్తుంది. మర్నాడు బకుడి శవం చూసి జనం అడిగితే, మంత్రం తెలిసిన ఓ బ్రాహ్మణుడు చేశాడని ఆయన మాట దాటేస్తాడు. గుట్టంతా వీరుడిదే. విరాటపర్వమూ అంతే. కీచకుడు నిండు కొలువులో తిరుగుతాడు, భీముడు వంటింట్లో దాక్కుంటాడు.

కోలారు, చిక్కబళ్ళాపురం పల్లెల్లో ఆడే కేళికెలోనూ, తెలుగునాట వీధి నాటకంలోనూ దుష్టపాత్రను దాచేది కాసేపే. ఇద్దరు తెర పట్టుకుంటారు, పైన కిరీటం మొన కనిపిస్తుంది, కింద గజ్జెల కాళ్ళు కనిపిస్తాయి, మధ్యలో ఓ కేక. తెర జారగానే తానెవరో, ఎంతటివాడో ఆ రాక్షసుడే చెప్పేసుకుంటాడు. ఇప్పటి టీజర్‌కు ఇదే ముత్తాత అని కొందరు అంటారు. పైకి పోలిక కనిపిస్తుంది గానీ ఒప్పుకోలేను. ఆ తెర ఎవరన్న ప్రశ్న కోసం పట్టింది కాదు, రాకను పెద్దది చేయడానికి పట్టింది. వస్తున్నది రావణుడని పిల్లవాడికి కూడా తెలుసు.

సినిమా తొలి దశాబ్దాలు ఈ దారినే నడిచాయి, వాటిమీద ఎక్కువ చెప్పక్కర్లేదు. 'పాతాళ భైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడు, 'నర్తనశాల' (1963)లో కీచకుడు, రెండూ ఎస్వీ రంగారావే. ఆయన్ను చూడటానికే జనం వెళ్ళారు. రాజనాల, నాగభూషణం, సత్యనారాయణ, తర్వాత రావు గోపాలరావు పేర్లు తారాగణంలో కనిపిస్తే చాలు, విలన్ ఎవరన్న చర్చే ఉండేది కాదు.

చర్చ ఉండేది కథ మీద. దాన్ని పుట్టించింది పాటల పుస్తకం. నాసిరకం కాగితం మీద అచ్చయి టెంటు గేటు దగ్గర అమ్ముడుపోయిన ఆ నాలుగైదు పుటల బుక్కులో తారాగణం, పాటలతో పాటు కథా సంగ్రహం కూడా ఉండేది. హీరో మీద నింద పడిన చోటో, హీరోయిన్ మాయమైన చోటో అది ఠక్కున ఆగిపోయి, తర్వాతి సంగతి వెండితెర మీద చూడమనేది. ఇప్పుడు ట్రైలర్ చేస్తున్న పనినే అది చేతిలో పట్టుకునే రూపంలో చేసింది. ప్రింట్లు పెద్ద ఊళ్ళు తిరిగి చిన్న ఊళ్ళకు చేరడానికి నెలలు పట్టే రోజులవి, కాబట్టి ఆ సగం కథతోనే జనం చాన్నాళ్ళు గడపాల్సి వచ్చేది. బాగేపల్లి లాంటి చోట దీనికి ఇంకో మెలిక ఉంది. కన్నడ అక్షరాలు వచ్చినవాడు తెలుగు అక్షరాలను తడుముకుంటూ చదవగలడు, రెండు లిపులకూ అంత దగ్గర చుట్టరికం. అయినా ఒకరు చదివితే పదిమంది వినడమే అక్కడి రివాజు అయ్యుండాలి. చదవడానికి బదులు గోడమీది పోస్టరు చూసి, ఎవరి ముఖం ఎంత పెద్దదిగా వేశారు, ఎవరి చూపు ఎటు ఉంది అని కథ అల్లుకున్నవాళ్ళే ఎక్కువని నా అంచనా. ఫ్రేము ఆపి చూసే కన్ను మొబైల్‌తో కొత్తగా పుట్టలేదు.

నా వాదానికి అడ్డం వచ్చే సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాటవేయను. దుష్టుణ్ణి నిజంగానే దాచిన పాయ ఒకటి తెలుగులో ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఒక తరాన్ని చివరి పేజీ దాకా హంతకుడి కోసం పరుగెత్తించారు. సాధుపాత్రలకు పేరుపడ్డ గుమ్మడిని 'లక్షాధికారి' (1963) దుర్మార్గుణ్ణి చేసింది. కృష్ణ నటించిన 'అవేకళ్ళు' (1967), వంశీ తీసిన 'అన్వేషణ' (1985) హంతకుడెవరన్న ప్రశ్న మీదే నిలబడ్డాయి. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. అయితే ఈ పాయ ఎప్పుడూ పక్క కాలువగానే పారింది, ముఖ్యంగా అతిమానుష శక్తుల కథల్లోకి ఎక్కలేదు. అందుకు వి.మధుసూదనరావే రుజువు. 'లక్షాధికారి' దర్శకుడు ఆయనే, ఎన్టీఆర్‌తో 1980లో 'సూపర్ మ్యాన్' తీసిందీ ఆయనే. ఆ రెండో సినిమాలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లవాడు హనుమంతుడి వరంతో శక్తిమంతుడవుతాడు. చంపినవాళ్ళెవరో ప్రేక్షకుడికి మొదట్లోనే తెలుసు. సూపర్ మ్యాన్ ఎవరో తెలియనిది ఆ దుర్మార్గులకు. విలన్‌ను దాచడం బాగా తెలిసిన దర్శకుడు కూడా సూపర్‌హీరో కథకు వచ్చేసరికి గుట్టును వీరుడి వైపుకే మార్చాడు.

అందరూ తేలిగ్గా వదిలేసే కాలం, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన కాలం, 1999 నుంచి 2002 దాకా నడిచిన ఫ్యాక్షన్ సినిమాలది. వాటిమీద రాసినవాళ్ళు కత్తుల గురించీ, పేలే సుమోల గురించీ, కులం గురించీ రాశారు. అది రాయాల్సిందే. కథ కట్టిన పద్ధతిని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. 'సమరసింహారెడ్డి' (1999)లో సీమ పెద్దమనిషి అబ్బులు అనే పేరుతో పనివాడిగా బతుకుతుంటాడు. 'నరసింహనాయుడు' (2001)లో డాన్సు మాస్టరు, 'ఇంద్ర' (2002)లో కాశీలో టాక్సీ నడిపే శంకర్ నారాయణ. మూడింటికీ దర్శకుడు బి.గోపాల్. మూడింట్లోనూ విలన్ ఆరుబయటే తిరుగుతాడు, అజ్ఞాతవాసం హీరోది. సగం సినిమా అయ్యాక గతం తెరుచుకుంటుంది, థియేటర్ ఊగిపోతుంది. విరాటపర్వాన్ని పంచెకట్టుతో మళ్ళీ ఆడినట్టే. 1995 నాటి తమిళ 'బాషా' ప్రభావం ఉందంటే కాదనను. దారి ఎటునుంచి వచ్చినా అది ఇక్కడ అంతగా పాతుకుపోవడానికి నేల ముందే దుక్కి అయి ఉంది.

ఈ సినిమాలు బాగేపల్లి, చింతామణివాళ్ళకు ఇంకో విధంగానూ దగ్గర. హిందూపురం, మదనపల్లె వైపు మాట్లాడే తెలుగుకూ వీళ్ళ తెలుగుకూ పెద్ద తేడా లేదు. జయప్రకాష్ రెడ్డి తెరమీద సీమ యాసలో గర్జించినప్పుడు ఆ మాట వాళ్ళ ఇంటి మాటకు పక్కింటి మాట. చాలా సినిమాల్లో యాస ఎక్కువగా విలన్ పాలికి వచ్చి, హీరోకు పుస్తకభాష మిగలడం నాకు ఈనాటికీ నొప్పిగానే ఉంటుంది. ఒక ప్రాంతపు నాలుకను దుర్మార్గానికి గుర్తుగా వాడుకున్నారు. నోరు విప్పగానే పోలికపట్టేంత గుర్తు పెట్టాక ఇక విలన్‌ను దాచేదేముంది?

ఇక కట్టప్ప దగ్గరికి. 'సమరసింహారెడ్డి' కథ విజయేంద్రప్రసాద్‌ది, 'బాహుబలి' కథా ఆయనదే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలా చిక్కుముళ్ళు విడతాయి. మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో 21 నెలలు దేశమంతా ఒకే ప్రశ్న, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. దాన్ని విలన్ ఊహలకు నాంది అనడం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు. చంపినవాడు తన నోటితోనే ఒప్పుకున్నాడు, భల్లాలదేవుడు ఎలాంటివాడో మొదటి భాగమే పూర్తిగా చూపింది. దాచింది కారణాన్ని. ఆ కారణం సింహాసనానికి కట్టుబడ్డ బానిస ధర్మం, శివగామి ఆజ్ఞ, అంటే ధర్మసంకటం. మన శ్రోతలు భీష్ముడి విషయంలో, కర్ణుడి విషయంలో తరతరాలుగా వాదించుకుంటున్న రకం ప్రశ్న. మిగతా గుట్టంతా మళ్ళీ వీరుడిదే. కొండజాతివాళ్ళ మధ్య పెరిగిన శివుడికి తానెవరో తెలియదు. కుంతల రాజ్యంలో అమరేంద్రుడు అమాయకుడిలా నటిస్తాడు. అక్కడా అజ్ఞాతవాసమే.

కర్ణాటకలో ఆ ఏప్రిల్ వేరే రకంగా గడిచింది. కావేరి వివాదంలో, కట్టప్పగా నటించిన సత్యరాజ్ 2008లో అన్న మాటలను గుర్తుచేసి, ఆయన క్షమాపణ చెబితే తప్ప సినిమా ఆడనివ్వమని వాటాళ్ నాగరాజ్ నాయకత్వంలో కన్నడ సంఘాలు పట్టుబట్టాయి. విడుదల రోజునే బంద్ అన్నారు. రాయచూరు జిల్లాలో పుట్టిన రాజమౌళి కన్నడంలో మాట్లాడి వీడియో విడుదల చేశారు, సత్యరాజ్ విచారం వ్యక్తం చేశారు, బంద్ ఆగింది. తెలుగు సినిమాను సొంత సినిమాగా చూస్తూనే కన్నడ నాడులో బతికే సరిహద్దువాళ్ళకు ఆ రెండు వారాలు ఇబ్బందికరమైనవే. తెరమీది నేరానికి జవాబు కోసం ఎదురుచూస్తున్న ప్రేక్షకుడి ముందు తెర బయటి నేరారోపణ నిలబడింది. ఈ ఘట్టం లేకుండా రాసిన కట్టప్ప చరిత్ర ఏదైనా అసంపూర్తే.

అమెరికా ఉదాహరణలు కూడా మనవాళ్ళు చెప్పుకున్నంత నేరుగా లేవు. విలన్‌ను నిజంగా దాచింది 'ఐరన్ మ్యాన్ 3' (2013). ప్రచారమంతా మాండరిన్‌ను చూపించి, సినిమాలో అసలు సూత్రధారి వేరొకడని తేల్చారు. 2021లో అందరూ శోధించిన 'స్పైడర్ మ్యాన్: నో వే హోమ్' ట్రైలర్ సంగతి అది కాదు. బ్రెజిల్‌లో వచ్చిన ఒక కూర్పులో లిజార్డ్ తలమీద ఎవరో కొట్టినట్టు తల వెనక్కి విరుగుతుంది, కొట్టినవాడు మాత్రం కనబడడు. విలన్లను బాహాటంగా చూపించి, మిగతా ఇద్దరు స్పైడర్ మ్యాన్‌లను ఫ్రేము నుంచి తుడిచేశారు. అక్కడా దాగింది వీరులే.

మన సూపర్‌హీరో సినిమాలను ఈ కొలత మీద పెట్టి చూస్తే మంచిచెడ్డలు తేలతాయి. ప్రశాంత్ వర్మ 'హను-మాన్' (2024 జనవరి 12) విలన్ మైఖేల్‌ను మొదట్లోనే బయటపెట్టింది. సూపర్‌హీరో కావాలంటే అనాథ కావాలని కన్నవాళ్ళనే చంపుకున్న పిల్లవాడు అతను. ఆ ఆలోచన భయంకరమైనది, కొత్తది. అతను అంజనాద్రికి ఎప్పుడు చేరతాడా అన్న దిగులు ఆ చిన్న సినిమాను నడిపింది. పెద్దయ్యాక ఆ పాత్రను పలచబరిచారన్నది నా ఫిర్యాదు, కానీ దాచకపోవడం సరైన నిర్ణయం. 'సలార్' (2023) చివర తేల్చింది దేవా ఎవరన్న సంగతే. 'కల్కి 2898 ఏడీ' (2024 జూన్ 27) చివర పేలిందీ భైరవుడే కర్ణుడన్న గుట్టు.

కానీ 'కల్కి' ట్రైలర్ వచ్చినప్పుడు ఊహలన్నీ ఎటు పోయాయి? ముడతలు పడ్డ చర్మంతో కనిపించిన కమల్ హాసన్ యాస్కిన్ వైపు. అతని శక్తి ఏమిటి, వెనుక ఇంకెవరైనా ఉన్నారా అని. ప్రచారం ఆ ఆకలిని పెంచింది, సినిమా తీర్చలేదు. అంతటి నటుడు కొద్ది నిమిషాలు కనిపించి, చివర గాండీవం ఎత్తి, మిగతాది రెండో భాగానికి వాయిదా వేశాడు. పాటల పుస్తకం మిగతాది వెండితెర మీద చూడమన్నప్పుడు టికెట్ కొన్నవాడికి ఆ మిగతాది దొరికేది. ఇప్పుడు వెండితెర కూడా పాటల పుస్తకంలా సగంలో ఆగిపోతోంది. దీన్ని ఎదుగుదల అనలేను. బకాసురుడికి బండెడు అన్నం ఎందుకు కావాలో, ఆ ఊరు వాడికి ఎలా అలవాటుపడిపోయిందో మన పాత కథ వివరంగా చెప్పింది. యాస్కిన్ ఏలే కాంప్లెక్సులో అలాంటి బలి ఎలా నడుస్తుందో చూపించడానికి నాగ్ అశ్విన్ దగ్గర మూడు గంటలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం భైరవుడి వేళాకోళానికీ, అతిథి పాత్రలకూ పోయింది. రెండో భాగంలోనైనా యాస్కిన్‌కు ముసుగుకంటే ఎక్కువగా ఒక జీవితం ఇస్తారా అన్నదే, ట్రైలర్ వచ్చిన రోజున నేను వెదికే సంగతి.