పుస్తకాల పడవ, దాన్ని నడిపినవాళ్ళ చదువు



గాజుల మలారం భుజాన వేసుకుని మన వీధిలోకి వచ్చే గాజులతన్ని ఎప్పుడైనా గమనించారా? చెయ్యి చూడగానే సైజు చెప్పేస్తాడు. ఏ ఇంట్లో పెళ్ళి ఉందో, ఏ ఇంట్లో సీమంతమో, ఎవరికి ఏ రంగు నచ్చుతుందో అన్నీ తెలుసతనికి. పుస్తకాలు ఊరూరా మోసుకెళ్ళే మనిషికీ అలాంటి విద్యే కావాలి. బీరువాలో పుస్తకాలు సర్ది, నంబర్లు వేసి కూర్చోవడం ఒక పని. గుమ్మందాకా వెళ్ళి పుస్తకం చేతికివ్వడం వేరే పని. గ్రంథాలయంలో మగవాళ్ళ మధ్య కూర్చుని చదవలేని ఆడవాళ్ళకి ఈ రెండో పనే దిక్కు. ఆ పనికి మన దేశంలో చదువెలా మొదలైందో చెప్పుకుందాం.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ అమెరికాలో గ్రంథాలయాలు చూసి ముచ్చటపడి, 1910లో బోర్డెన్ అనే ఆయన్ని అక్కణ్ణించి రప్పించుకున్నాడు. ఆయన 1911లో గ్రంథాలయోద్యోగులకు శిక్షణ తరగతి పెట్టాడు. మన దేశంలో ఇదే మొదటిదంటారు. అక్కడ పుస్తకాలు చెక్కపెట్టెల్లో పల్లెలకు ప్రయాణం కట్టాయి. పెట్టె పంపడం ఏమంత కష్టం? అందులో ఏం పెట్టాలన్నదే కష్టం. వంటిల్లు సర్దుకుని కాసేపు చదువుకుందామనుకునే ఇల్లాలికి లావుపాటి తర్కశాస్త్రం పంపిస్తే, అది బియ్యం డబ్బా మీద మూతకే పనికొస్తుంది!

మన తెలుగువాళ్ళూ వెనకబడలేదు లెండి. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దానికి ప్రాణం అయ్యంకి వెంకటరమణయ్య గారు. ఆ సంఘమే 1920లో బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. సర్కారు కాదు, సంస్థానం కాదు, చందాలు పోగుచేసుకునే సంఘం!

మద్రాసులో లెక్కల మేష్టారు రంగనాథన్ గారు 1924లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. ఆ పని నేర్చుకోడానికి లండన్ వెళ్ళొచ్చారు. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం తరఫున శిక్షణ తరగతులు మొదలయ్యాయి. 1931లో తంజావూరు జిల్లా మన్నార్‌గుడిలో ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు బయలుదేరాయి.

మనకి బండి సరిపోలేదు, కాలువలున్నాయి కదా! గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో ఆ పడవ తిరిగేది. ఆ రోజుల్లో కాలువే రోడ్డు, పడవే బస్సు. గంటలకొద్దీ సాగే ప్రయాణంలో జనానికి ఊసుపోవాలి కదా. పుస్తకం చేతిలో పెడితే చదవనివాడెవడు? రేవుల్లో ఆగినప్పుడు ఒడ్డునున్న ఊళ్ళవాళ్ళకీ పుస్తకాలు అందేవి. ఇప్పుడాలోచించండి. అంత పుస్తకాల బరువు తడవకుండా చూడాలి. పడవ మళ్ళీ వచ్చేలోపల ఎవరు ఏది తీసుకున్నారో రాసుకోవాలి. ఏ రేవులో ఎవరికి భారతం కావాలో, ఎవరికి నవల కావాలో గుర్తుండాలి. చదవడం రానివాళ్ళుంటే చదివి వినిపించాలి. ఈ పాఠాలు ఏ పుస్తకంలో దొరుకుతాయి? కాలువ మీదే నేర్చుకుని ఉంటారు.

ఆ 1935లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రం డిప్లొమా వచ్చింది. తరవాత చట్టాలొచ్చాయి. మద్రాసు రాష్ట్రానికి 1948లో, హైదరాబాదుకి 1955లో, ఆంధ్రప్రదేశ్‌కి 1960లో. జీతాలు, పరీక్షలు, పట్టాలు అన్నీ వచ్చాయి. ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళు 1953లో మోటారు వ్యాన్‌లో పేటపేటకీ పుస్తకాలు పంపడం మొదలుపెట్టారు. అయితే నాకు తోచేదేమంటే, పట్టాల చదువు వర్గీకరణ, సూచీలు చుట్టూ తిరిగినంతగా గుమ్మం ముందు నిలబడే మనిషి చుట్టూ తిరగలేదు. వ్యాన్ డ్రైవరుకి దారి తెలిస్తే చాలనుకున్నాం. పాఠకురాలు ముందు చూసేది అతని మొహమే కదా! అమెరికాలో సంచార గ్రంథాలయాల వాళ్ళకి ప్రత్యేకంగా ఒక సంఘమే ఉంది. ఏటా కలుసుకుని, బండి మరమ్మత్తు దగ్గర్నించి ముసలివాళ్ళ ఇళ్ళకి పుస్తకాలు చేర్చడం దాకా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు.

మన పాతూరి వారు పడవతో ఆగలేదు. బెజవాడ పటమటలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరున సర్వోత్తమ భవనం కట్టించి, గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళకి అక్కడే చదువు చెప్పించారు. 1987లో ఆయన పోయాక, ఆ బడికి ఆయన పేరే పెట్టుకున్నారు.