వలయం వెడల్పు, వలస లెక్క: ఆహార ప్యాకేజింగ్‌పై ఎ. వరద రాజులు ప్రచురణల పరిశీలన

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పాలిమర్ శాస్త్ర ఆచార్యుడిగా, ఆ తర్వాత తమిళనాడు కృష్ణన్‌కోయిల్‌లోని కలశలింగం విశ్వవిద్యాలయంలో పరిశోధకుడిగా పనిచేసిన ఎ. వరద రాజులు ప్రచురణలను ఈ వ్యాసం కడప జిల్లా కమలాపురం వైపు నుంచి చదువుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, కమలాపురం ప్రాంతాల్లో పొద్దున్నే హోటలుకు పోయి ఉగ్గాని పార్సిల్ అడిగితే ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. పాత పేపరు మీద పల్చటి కవరు పరిచి, వేడి ఉగ్గాని వేసి, పక్కన నూనె కారే మిరపకాయ బజ్జీలు పెట్టి చుడతారు. చట్నీని ఇంకో చిన్న కవర్లో పోసి ముడేస్తారు. వేడి, నూనె, పులుపు మూడూ ఒకే పొట్లంలో. వరద రాజులు, ఆయన సహ రచయితల పత్రాల్లో చాలా వాటి ముగింపు వాక్యం తాము చేసిన ఫిల్ము ఆహార ప్యాకేజింగ్‌కు, వైద్య అవసరాలకు పనికొస్తుందని ఆశ పెడుతుంది. ఆ ఆశకూ ఈ పొట్లానికీ మధ్య ఎంత దూరం ఉందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒక శాస్త్రవేత్త జాబితా చేతికొస్తే మొదట పత్రాలెన్ని, ఉల్లేఖనలెన్ని అని చూడటం అలవాటైపోయింది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాక ఆ అలవాటుకు ఒక అంకె కూడా దొరికింది. ఎన్ని పత్రాలకు కనీసం అన్నేసి ఉల్లేఖనలు వచ్చాయో ఆ అంకె చెబుతుంది. అంతకు మించి దాన్ని అడగడం అన్యాయం. ప్రతి పత్రంలో దేన్ని కొలిచారు, దేన్ని కొలవలేదు అన్న వరుసలో జాబితాను చదివితే వేరే కథ కనిపిస్తుంది.

ఆ కథ ఒక చెట్టు బెరడుతో మొదలవుతుంది. హిల్డెగార్డియా పాపులిఫోలియా తూర్పు కనుమల దక్షిణ భాగపు ఎండు కొండల్లో అరుదుగా మిగిలిన చెట్టు. దాని బెరడును విడదీస్తే పోగులన్నీ ఒకే దిక్కున పరుచుకున్న పొరలు వస్తాయి, నేయకుండానే బట్టలాగా. 2004లో చైనాలోని గ్వాంగ్‌జౌ పరిశోధకులతో కలిసి ప్రచురించిన పత్రంలో ఈ నారను పాలీప్రొపిలీన్ కార్బొనేట్ అనే, మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌లో కలిపి, మొత్తంగా జీవవిచ్ఛిన్నమయ్యే మిశ్రమం తయారుచేశారు. అంతరించిపోయే అంచున ఉన్న చెట్టు పరిశ్రమకు ముడిసరుకు కాలేదు, కాకూడదు కూడా. అయినా సీమ కొండల్లోని నారను పాలిమర్ ప్రయోగశాల బల్ల మీదికి తేవడం చిన్న పని కాదు.

ఆ తర్వాతి పదేళ్లలో దృష్టి నార నుంచి ఆ నారలోని సెల్యులోజు మీదికి మళ్లింది. సెల్యులోజు మామూలు ద్రావకాల్లో కరగదు, వేడి చేస్తే ప్లాస్టిక్‌లా కరిగి పారదు. అందుకే దాంతో పల్చటి పారదర్శక ఫిల్ము తీయడం చాలాకాలం విషపూరిత రసాయనాలతో ముడిపడిన పనిగా ఉండేది. వుహాన్ విశ్వవిద్యాలయంలో లీనా ఝాంగ్ బృందం దీనికి తేలికైన దారి చూపింది. లిథియం హైడ్రాక్సైడ్ లేదా సోడియం హైడ్రాక్సైడ్‌ను యూరియాతో నీళ్లలో కలిపి, సున్నాకు 12 డిగ్రీలు కిందికి చల్లబరిస్తే, అందులో సెల్యులోజు నిమిషాల్లో కరుగుతుంది. 2015లో కార్బోహైడ్రేట్ పాలిమర్స్ పత్రికలో వచ్చిన థెస్పేసియా లాంపాస్ నార, సెల్యులోజు ఫిల్ముల పత్రం ఆ వుహాన్ బృందంతో కలిసి రాసిందే. దానికి ముందు ఏడాది అదే పత్రికలో కిత్తనార పోగులను అయానిక ద్రవంలో కరిగించి చేసిన ఫిల్ముల పత్రం వచ్చింది. అందులో సహ రచయితలు బీజింగ్ వాళ్లు. మన పొలం గట్ల మీద ముళ్లతో నిలబడే కిత్తనారను ఇక్కడ తాళ్లు పేనడానికి తప్ప వేరే దేనికైనా వాడొచ్చని ఎవరనుకున్నారు?

మూడో దశతో ప్యాకేజింగ్, ఆరోగ్యం అనే మాటలు నేరుగా ప్రవేశించాయి. తడి సెల్యులోజు ఫిల్మును మొదట ఆకు కషాయంలో నానబెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేట్ లేదా కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ముంచుతారు. ఆకులోని పాలీఫినాల్స్ లోహ అయాన్లను అక్కడికక్కడే నానో కణాలుగా మారుస్తాయి. 2016లో తులసి ఆకుతో వెండి, 2017లో మెట్టతామర ఆకుతో వెండి, అదే ఏడాది బాదం చెట్టు ఆకుతో రాగి అంటూ ఒకదాని వెంట ఒకటి పత్రాలు వచ్చాయి. చింతపిక్కల పొడిని పాలీప్రొపిలీన్ కార్బొనేట్‌లో కలిపిన ఫిల్ములు కూడా 2017లోనే వెలువడ్డాయి. కృష్ణన్‌కోయిల్, బ్యాంకాక్, మలేసియా ప్రయోగశాలలు రచయితల వరుసలో చేరాయి. చింతపండు కొట్టాక పిక్కలను పారబోసే జిల్లాల వాళ్లకు ఈ చివరి పత్రం మీద మమకారం పుట్టడం సహజమే. చవకగా దొరికే, ఎవరి తిండికీ అడ్డురాని పదార్థంతో ప్లాస్టిక్ ఖర్చు తగ్గించే ఆలోచన అది.

ఈ దశ పత్రాల సారాంశాల్లో ప్రధానంగా నిలిచేవి మూడు ఫలితాలు. ఫిల్మును లాగితే ఎంత బలానికి తెగింది, ఎంత వేడికి విచ్ఛిన్నమైంది, బాక్టీరియా పెంచిన పళ్లెంలో దాని చుట్టూ ఎంత వెడల్పు నిరోధక వలయం ఏర్పడింది. ఈ మూడోదాని దగ్గర కాసేపు ఆగాలి.

అగార్ పళ్లెం మీద బాక్టీరియాను పరిచి, మధ్యలో చిన్న ఫిల్ము ముక్క పెట్టి ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారు. తెల్లారేసరికి పళ్లెమంతా మసకగా బాక్టీరియా పెరిగి ఉంటే, ముక్క చుట్టూ మాత్రం స్వచ్ఛమైన గుండ్రటి జాగా మిగులుతుంది. ఎంత వెడల్పు జాగా మిగిలితే ఫిల్ము అంత మంచిదని పట్టికలో చేరుతుంది. అయితే ఫిల్ము అంచు దాటి బాక్టీరియా చచ్చిందంటే అక్కడికి ఏదో చేరి ఉండాలి కదా. చేరింది లోహం. వెండి, రాగి అయాన్లు ఫిల్ములోంచి బయటికి వచ్చి తడి అగార్‌లోకి పాకితేనే వలయం ఏర్పడుతుంది. అంటే వలయం వెడల్పును సూక్ష్మజీవ శాస్త్రవేత్త విజయంగా రాసుకుంటే, ఆహార భద్రత పరీక్షించే రసాయనవేత్త దాన్నే వలసకు, అంటే ప్యాకింగ్‌లోంచి పదార్థం తిండిలోకి దిగడానికి, సూచనగా చదవాలి. ఒకే అంకెకు రెండు ఖాతాలు. ప్రచురణల్లో మొదటి ఖాతా నిండుగా ఉంది.

రెండో ఖాతా ఎలా రాయాలో దేశంలో నియమాలున్నాయి. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో ప్రకటించి, 2019 జూలై 1 నుంచి అమలుచేసిన ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి మొత్తం మీద కిలోకు 60 మిల్లీగ్రాములు, లేదా చదరపు డెసిమీటరుకు 10 మిల్లీగ్రాములు మించి ఏదీ దిగకూడదు. కంటికి కనిపించే రంగు అసలే దిగకూడదు. తిండిని వార్తాపత్రికలో చుట్టడాన్ని కూడా ఈ నిబంధనలే నిషేధించాయి. ఆ నిషేధం ఏ మేరకు నడుస్తోందో ఏ బజ్జీల బండి దగ్గర నిలబడినా తెలుస్తుంది. కొన్ని లోహాలకు విడిగా హద్దులున్నాయి. ఆహారం కిలోకు రాగి 5 మిల్లీగ్రాములు, లిథియం 0.6 మిల్లీగ్రాములు. మన పత్రాలకు ఈ రెండూ సూటిగా తగులుతాయి. బాదం ఆకుతో చేసిన ఫిల్ములో ఉన్నది రాగి. సెల్యులోజును కరిగించే ద్రావణాల్లో ఒకటి లిథియంది. కడిగాక ఫిల్ములో ఆ లిథియం ఎంత మిగిలిందన్నది తన్యబలం కన్నా ముందు రావాల్సిన అంకె. వెండికి ఈ పట్టికలో హద్దు లేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం కిలోకు 0.05 మిల్లీగ్రాములు దాటొద్దంటుంది. సెల్యులోజు ఫిల్ము చట్టం దృష్టిలో ప్లాస్టిక్ కిందికి వస్తుందా రాదా అన్న వాదనను పక్కన పెట్టినా, తినేవాడి కడుపుకు ఆ తేడా తెలియదు.

వాతావరణం లెక్క మరొకటి. పాలీప్రొపిలీన్ కార్బొనేట్ గట్టిదనం వదిలి మెత్తబడే ఉష్ణోగ్రత దాదాపు 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుంది. గ్వాంగ్‌జౌలోనో బ్యాంకాక్‌లోనో ఏసీ ప్రయోగశాలలో అది గట్టి ఫిల్మే. కడప జిల్లాలో మే నెల మధ్యాహ్నం 40 దాటడం వింతేమీ కాదు. దుకాణంలో వేలాడదీసిన కవరు, లోపల ఏమీ పోయకుండానే, మెత్తబడే గీత దగ్గర ఉంటుంది. చింతపిక్కల పొడి కలిపితే ఖర్చు తగ్గుతుంది సరే, ఈ గీత ఎంత పైకి జరుగుతుందన్నది సీమకు ముఖ్యమైన ప్రశ్న. సెల్యులోజు ఫిల్ముకు వేడితో బాధ లేదు, దాని బలహీనత నీళ్లు. సాంబారు పోస్తే ఉబ్బుతుంది. పైగా వేడితో అంచులు అతుక్కోవు కాబట్టి కవరుగా సీలు చేయాలన్నా వేరే పొర కావాలి.

పోల్చడానికి తెలుగు నేల మీది మరో ప్రచురణను గుర్తు చేయాలి. 1974 చివర్లో గుజరాత్ పంచమహల్, రాజస్థాన్ బాంస్వాడా జిల్లాల గిరిజన గ్రామాల్లో కామెర్లతో జనం చనిపోయారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ భట్, సహచరులు 1975లో లాన్సెట్‌లో రాసిన పత్రంలో 397 మంది రోగులు, 106 మరణాలు నమోదయ్యాయి. కారణం వానకు తడిసి, సరిగా ఆరక, బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్. ఆ పత్రం ఏ కొత్త పదార్థాన్నీ తయారుచేయలేదు, తిన్నవాళ్ల దగ్గర మొదలై గింజ దగ్గరికి వెళ్లింది. వరద రాజులు దారి పదార్థం దగ్గర మొదలై తినేవాళ్ల వైపు నడిచింది. రెండు దారులూ కావాల్సినవే. శెనిక్కాయలు పండే కడప జిల్లాకు అఫ్లాటాక్సిన్ పరాయి మాట కాదు. కాయల్లో తేమ నిలవకుండా చూసే సంచి ఇక్కడ బాక్టీరియాను చంపే ఫిల్ము కన్నా ఎక్కువ ఆరోగ్యాన్ని కాపాడుతుందని నా అభిప్రాయం. అయినా వెండి, రాగి ఫిల్ముల పత్రాల్లో పరీక్షకు నిలిపినవి ప్రధానంగా బాక్టీరియాలే. పళ్లెంలో బాక్టీరియా ఒక్క రాత్రిలో ఫలితం ఇస్తుంది. గోదాములో బూజు నెలలు తీసుకుంటుంది. పత్రికలకు, పీహెచ్‌డీ గడువులకు ఏది అనుకూలమో చెప్పనక్కర్లేదు.

దీన్ని ఒక్క శాస్త్రవేత్త లోపంగా చూడటం తప్పు. పాలిమర్ విభాగానికి పాలిమర్ విభాగపు పరికరాలే ఉంటాయి. వలస పరీక్షకు ఆహార విష శాస్త్రం తెలిసినవాళ్లు కావాలి, వాళ్లు ఇంకో ఊళ్లో, ఇంకో మంత్రిత్వశాఖ కింద ఉంటారు. గ్వాంగ్‌జౌతో, వుహాన్‌తో, బీజింగ్‌తో, బ్యాంకాక్‌తో కలిసిన రచయితల వరుసలో హైదరాబాద్ పోషకాహార సంస్థ పేరు కూడా ఒక చోట చేరి ఉంటే ఫలితాల పట్టికలో ఇంకో నిలువు వరుస పెరిగేది.

ఆ వరుసకు కావాల్సిన పని పెద్దదేమీ కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 9845 పద్ధతి చెబుతూనే ఉంది. పుల్లటి తిండికి బదులు 3 శాతం ఎసిటిక్ ఆమ్లం, నూనె తిండికి బదులు హెప్టేన్. ఎసిటిక్ ఆమ్లంలో, వేడివేడిగా నింపే వంటకమైతే 70 డిగ్రీల దగ్గర 2 గంటలు, చాలాకాలం నిలవ ఉండేదైతే 40 డిగ్రీల దగ్గర 10 రోజులు. ఈ 40 డిగ్రీలు మనకు మే నెల అరుగు మీది వేడి. చింతపండు పులుసుకు ఎసిటిక్ ఆమ్లం, బజ్జీ నూనెకు హెప్టేన్ సరిపోతాయి. కడపలో 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. ఏ రసాయన శాస్త్ర విద్యార్థి అయినా తులసి ఫిల్మునో బాదం ఆకు ఫిల్మునో ఆ పత్రాల్లో చెప్పినట్టే తయారుచేసి, ఆ రెండు ద్రవాల్లో ముంచి, దిగిన వెండిని, రాగిని, లిథియాన్ని అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రం మీద కొలిచి, పక్కన అదే ఫిల్ము నిరోధక వలయం వెడల్పును రాస్తే చాలు. రెండు అంకెలూ ఒకే వరుసలో పడిన పట్టిక ఒక్క పేజీ. ఏ వెడల్పు దగ్గర రాగి కిలోకు 5 మిల్లీగ్రాములు దాటుతుందో ఆ పేజీలోనే తేలుతుంది.