పతాకం అవనతం... ఎవరి కోసం, ఎవరి ఆదేశంతో?

ప్రముఖుల మరణవార్త అందగానే మండల కార్యాలయం ఎదుటో, పాఠశాల ఆవరణలోనో జాతీయ పతాకాన్ని సగానికి దించడం గౌరవసూచకమేనని పలువురు భావిస్తుంటారు. వాస్తవానికి ఇది ఎవరికి తోచినట్లు వారు చేయదగిన పని కాదు. ప్రభుత్వ ఆదేశాలు లేని సందర్భాల్లో పతాకాన్ని అవనతం చేయడం జాతీయ గౌరవానికి భంగం కలిగించే చర్యల నిరోధక చట్టం (1971) కింద అవమానంగానే పరిగణిస్తారు. 2003లో చేసిన సవరణ ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఇందుకు మూడేళ్ల వరకు జైలుశిక్ష లేదా జరిమానా లేదా రెండూ విధించే వీలుంది.

2002 జనవరి 26 నుంచి అమలులో ఉన్న పతాక నియమావళి ప్రకారం రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి మరణిస్తే దేశమంతటా పతాకం అవనతం చేస్తారు. లోక్‌సభ స్పీకర్, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి విషయంలో ఇది ఢిల్లీకే పరిమితం. కేంద్ర కేబినెట్ మంత్రి అయితే ఢిల్లీతోపాటు రాష్ట్ర రాజధానుల్లో పాటిస్తారు. గవర్నర్, ముఖ్యమంత్రి మరణిస్తే ఆ రాష్ట్రమంతటా వర్తిస్తుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించినప్పటి సందర్భం ఈ కోవలోనిదే. రాష్ట్ర కేబినెట్ మంత్రి మరణిస్తే రాజధానిలో మాత్రమే అవనతం చేయాలి. అంటే జిల్లాలు, మండలాల్లోని కార్యాలయాలు ప్రత్యేక ఉత్తర్వు లేనిదే జెండా దించరాదు. ఎమ్మెల్యేలు, ఎంపీలు, జడ్పీ ఛైర్మన్ల ప్రస్తావన జాబితాలోనే లేదు. పార్టీ జెండాల సంగతి వేరు.

మాజీ ప్రధానులు కూడా ఈ జాబితాలో లేరు. అటువంటి వారికి కేంద్రం విడిగా సంతాప దినాలు ప్రకటిస్తుంది. మన్మోహన్ సింగ్ 2024 డిసెంబరు 26న మరణించగా, 2025 జనవరి 1 వరకు ఏడు రోజులు దేశమంతటా పతాకాలను అవనతం చేశారు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఎగురవేసే తీరులోనే. తాడు లాగి పతాకాన్ని నేరుగా స్తంభం మధ్యలో ఆపేస్తుంటారు. ముందుగా పతాకాన్ని శిఖరం వరకు తీసుకువెళ్లి, క్షణకాలం నిలిపి, ఆ తరువాతే సగానికి దించాలి. సాయంత్రం పూర్తిగా దించే ముందు సైతం మరోమారు శిఖరానికి చేర్చాలి. పక్కన ఇతర దేశాల జెండాలుంటే అవి పూర్తి ఎత్తులోనే ఉంటాయి.

మరణవార్త మధ్యాహ్నం దాటాక అందితే మరుసటి రోజు కూడా అవనతం చేస్తారు. అయితే ఆ రోజు సూర్యోదయానికి ముందే అంత్యక్రియలు పూర్తయి ఉండకూడదు. గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం, గాంధీ జయంతి, ఏప్రిల్ 6 నుంచి 13 వరకు జాతీయ వారం, రాష్ట్ర అవతరణ దినోత్సవాల్లో పతాకాన్ని దించరు. భౌతికకాయం ఉన్న భవనంపై మాత్రం అవనతంగా ఉంచి, దానిని తరలించిన వెంటనే పూర్తి ఎత్తుకు చేరుస్తారు.

ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలటరీ బలగాల లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో పార్థివదేహంపై కప్పే పతాకంలో కాషాయవర్ణం తలవైపు ఉండాలి. దానిని సమాధిలోకి దించరు, చితిపై కాల్చరు.