సైకిల్ ముందు ఫోర్క్‌లోకి స్ప్రింగ్ ఎట్లా వచ్చింది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఏ ఊర్లో సైకిల్ షాపు ముందు నిలబడినా లావు టైర్లు, ముందర రెండు షాకులు ఉన్న సైకిళ్ళు కనపడతాయి. షాక్ అబ్జార్బర్‌ను మనోళ్ళు షాకబ్జర్వర్ అంటారు, పోనీలెండి, పని మాత్రం అదే. కొన్నాక దాని మీదుండే నాబ్‌ను ఒక్కసారైనా తిప్పి చూసినోళ్ళు ఎంతమంది? అది ఎందుకుందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన తాతల సైకిల్‌కూ స్ప్రింగ్ ఉండేది, కాకపోతే సీటు కింద. ముందు ఫోర్క్ గట్టి ఇనుము. గుంత వస్తే నడుము కొంచెం తప్పించుకునేది, చేతులకు మాత్రం దెబ్బ మొత్తం తగిలేది. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్, 1956లో లూధియానాలో మొదలైన హీరో, చానా ఏళ్ళు ఇట్లాంటి బండ్లే చేసినాయి. తప్పేం కాదు. పాల క్యాన్లు, గడ్డిమోపులు మోసే బండికి ముందర ఊగే ఫోర్క్ పెడితే హ్యాండిల్ నిలుస్తుందా?

మోటార్ సైకిల్‌కు ఈ సుఖం ముందే దొరికింది. 1935లోనే బీఎండబ్ల్యూ ఆర్12కు ఆయిల్‌తో పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్క్ వచ్చేసింది. సైకిల్ ఇంకో యాభై ఏళ్ళు ఆగాల్సొచ్చింది. 1970లలో కాలిఫోర్నియాలో తమాల్పయస్ కొండ మీద నుంచి కుర్రోళ్ళు పాత సైకిళ్ళతో దిగుతా పందేలు వేసుకున్నారు. మౌంటెన్ బైక్ అట్లా పుట్టింది. అప్పటికీ ఫోర్క్ గట్టిదే! మోటోక్రాస్ బండ్ల మీద పనిచేసిన పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ ఆర్ఎస్-1 తెచ్చాడు. లోపల గాలి, ఆయిల్. కదిలేది సుమారు 2 అంగుళాలే. మరుసటేడు అమెరికాలో డురాంగోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్క్‌తోనే డౌన్‌హిల్ గెలిచాడు. ఇంక ఎవరూ వెనక్కి చూడలేదు.

ఇక్కడే అసలు సంగతి. ఫోర్క్‌కు రెండు పనులు: అణగడం, మెల్లగా తిరిగి రావడం. అణిగేది స్ప్రింగ్ వల్లో గాలి వల్లో. మెల్లగా లేపేది ఆయిల్. చవక ఫోర్క్‌లలో చానావాటికి స్ప్రింగ్ ఒక్కటే, ఆయిల్ డ్యాంపింగ్ ఉండదు. అందుకే రాయి తగిలితే చక్రం బంతిలా ఎగురుతుంది. గండికోట కొండ దిగేటప్పుడు అట్లా ఎగిరితే బ్రేక్ పట్టుకోదు. 1652లో మీర్ జుమ్లాను కలవడానికొచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి తవెర్నియే కూడా ఆ కొండ ఎక్కే దారి కష్టం గురించి రాసుకున్నాడు. నన్నడిగితే, కొండ దిగేటోళ్ళకు డ్యాంపింగ్ లేని షాకు కంటే మంచి గట్టి ఫోర్కే మేలు.

ఇప్పుడు నాబ్. స్ప్రింగ్ ఫోర్క్‌లో అది ప్రీలోడ్. బిగిస్తే మీరు కూర్చున్నప్పుడు ఫోర్క్ తక్కువ దిగుతుంది, అంతే. పైకి లేచే వేగం దాంతో తగ్గదు. ఫోర్క్ నున్నటి రాడ్‌కు ఒక జిప్ టై వదులుగా కట్టి, సీలు దాకా కిందికి జరపండి. మీ ఫ్రెండ్‌ను సైకిల్ పట్టుకోమని మెల్లగా ఎక్కండి, ఊగకుండా దిగండి. 100 మిల్లీమీటర్ల ఫోర్క్ అయితే టై 20 నుంచి 25 మిల్లీమీటర్లు జరగాలి. ఎక్కువ జరిగితే బిగించండి, తక్కువైతే వదులు చేయండి.

గాలి ఫోర్క్ అయితే పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు. లోపల చోటు చానా తక్కువ, ఒక్క క్షణంలో ప్రెషర్ దాటిపోతుంది. దానికి షాక్ పంప్ అని వేరే చిన్న చేతి పంపు ఉంటుంది, మీటర్‌తో వస్తుంది. ఎంత పెట్టాలో చానా ఫోర్క్‌ల కాలు మీద మీ బరువును బట్టి స్టిక్కర్‌లోనే రాసుంటుంది.