చేతులు కడుగుమన్న లెక్కలు

వియన్నా నగరపు పెద్ద వైద్యశాలలో రెండు ప్రసూతి విభాగము లుండెడివి. మొదటి దానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును శిక్షణ పొందుచుండిరి. 1846లో మొదటి విభాగమున తల్లుల మరణములు నూటికి 11.4, రెండవదానిలో 2.8 మాత్రమే. ప్రధాన కారణము సూతికాజ్వరము.

ఈ తారతమ్యమే అచటి వైద్యుడు సెమ్మెల్‌వైస్‌ను ఆలోచింపజేసెను. శవములను కోసిన చేతులతోనే విద్యార్థులు గర్భిణులను పరీక్షించుచున్నారని గ్రహించి, 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన నీట చేతులు కడుగవలెనని నియమము చేసెను. 1848లో మొదటి విభాగమున 3,556 ప్రసవములకు మరణములు 45. రెండు విభాగములును ఇంచుమించు సమానమయ్యెను.

అయినను వైద్యప్రముఖు లనేకులు అంగీకరింపలేదు. 1865లో ఆయన మరణించునాటికిని ఆ నియమము లోకమున స్థిరపడలేదు. సాక్ష్యము లభించుట వేరు. దానిని నియమముగా స్వీకరించుట వేరు. ఆ నడిమి జాప్యమునకు చెల్లిన మూల్యము తల్లుల ప్రాణములే.