లింబాయత్ తెలుగు కార్మికులు: లాక్‌డౌన్ మనసుపై వేసిన ముద్ర

2020 మార్చి 25 ఉగాది. ఆనాడు మొదలైన తెలుగు సంవత్సరం పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి. దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది కూడా ఆ రోజే. గుజరాత్‌లోని సూరత్ నగరంలో లింబాయత్, డుంభాల్, పర్వత్ పాటియా, గోడాదరా ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఆ ఏడు పండుగ తలుపులు మూసుకునే జరిగింది. మరమగ్గాలు అంతకుముందే ఆగిపోయాయి. ఎప్పుడు మళ్లీ తిరుగుతాయో చెప్పగలవారు లేరు.

ఈ తెలుగువారిలో అధికులు తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలవారు. ఊళ్లలో చేనేత కూలిపోతున్న కొద్దీ నేతగాళ్లు షోలాపూర్‌కు, భివండికి, ముంబయికి, సూరత్‌కు తరలిపోయారు. సూరత్‌లో వారి సంఖ్య ఎంతగా పెరిగిందంటే నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు మాధ్యమం బడులనూ నడుపుతోంది. అహ్మదాబాద్ నుంచి సూరత్, వరంగల్ మీదుగా చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ రెండు ఊళ్లకూ మధ్య బంధువులాంటిది. పెళ్లికైనా, చావుకైనా, వేసవి సెలవులకైనా ఆ బండే దిక్కు.

పురుషులలో చాలామందిది మరమగ్గం పని. పన్నెండు గంటల షిఫ్టు. నేసిన మీటర్ల లెక్కన కూలీ. ఆడవారు ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తారు, లేసు కుడతారు, మిగులు దారాలు కత్తిరిస్తారు. చీరకు ఇంతని ఇస్తారు. ఈ రెండు ఆదాయాలూ కలిస్తేనే అద్దె, కిరాణా, బడి ఖర్చు, ఊళ్లో ఉన్న ముసలివారికి పంపే డబ్బు గడుస్తాయి. లాక్‌డౌన్‌తో ఈ రెండూ ఒకే రోజున నిలిచిపోయాయి. మగ్గం తిరగకపోతే చీర లేదు. చీర లేకపోతే ఇంటి ఆడవారికి పని లేదు.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ అర్ధరాత్రి నుంచి ప్రయాణికుల రైళ్ల నిలిపివేత, 25 నుంచి 21 రోజుల లాక్‌డౌన్. ఏప్రిల్ 14న అది ముగుస్తుందని అందరూ రోజులు లెక్కపెట్టుకున్నారు. దానిని మే 3 వరకు, తరువాత మే 17 వరకు, ఆపైన మే 31 వరకు పొడిగించారు. ఏప్రిల్ మధ్యలో సూరత్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ విధించినప్పుడు వాటిలో లింబాయత్ కూడా ఉంది. అంటే ఇక్కడివారికి లాక్‌డౌన్ మీద కర్ఫ్యూ వచ్చి పడింది.

ఇలాంటి పొడిగింపులు మనిషిని ఏం చేస్తాయో అప్పటికే తెలియనిది కాదు. 2020 ఫిబ్రవరి చివరలో లండన్ కింగ్స్ కాలేజ్ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక సమీక్ష ప్రచురించారు. సార్స్, ఎబోలా వంటి వ్యాధుల కాలంలో క్వారంటైన్‌లో ఉన్నవారిపై వచ్చిన 24 అధ్యయనాలను అందులో పరిశీలించారు. మనసును ఎక్కువగా దెబ్బతీసేవిగా వారు గుర్తించినవి నిర్బంధం ఎక్కువ రోజులు సాగడం, వ్యాధి భయం, నిత్యావసరాల కొరత, సరైన సమాచారం అందకపోవడం, ఆదాయ నష్టం, వెలివేత. చెప్పిన గడువుకు కట్టుబడాలని, అవసరమైనదానికంటే ఒక్క రోజు కూడా పొడిగించరాదని సలహా ఇచ్చారు. వ్యాధి తీవ్రత దృష్ట్యా ఆ సలహాను పాటించడం ఏ ప్రభుత్వానికీ సులభం కాలేదన్నది నిజమే. అయితే ఆ సమీక్షలోని కారణాలన్నీ ఒకే గదిలో పోగుపడిన చోటు కావాలంటే లింబాయత్‌లోని ఒక అద్దె గదిని చూడవచ్చు.

సమాచారం విషయంలో వార్తలు అందించే మాలాంటివారు ఒక మాట ఒప్పుకోవాలి. ఆందోళన కలిగించే వార్తలను తగ్గించుకోవాలని, రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే నమ్మకమైన సమాచారం తెలుసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే సూచించింది. ఆ సూచనను ప్రసారం చేసిన వార్తా సంస్థలే గంట గంటకూ కేసుల సంఖ్యనూ, మరణాల సంఖ్యనూ చదివాయి.

సూరత్‌లో ఆ రోజుల అశాంతి బయటి ప్రపంచానికి తెలిసింది ప్రధానంగా ఒడియా కార్మికుల ద్వారా. ఏప్రిల్ 10న లస్కానాలో వారు వీధిలోకి వచ్చి, తమను ఊళ్లకు పంపాలని కోరారు. ఒడియా కార్మికులు ఎక్కువగా కుటుంబాలను ఊళ్లో వదిలి వచ్చి, మెస్ గదులలో గుంపుగా ఉండేవారు. తెలుగువారు చాలావరకు భార్యాపిల్లలతో స్థిరపడినవారు. పక్కన మన మనిషి ఉన్నాడన్న ధైర్యం వారికి ఉంది. దానితో పాటు, ఆ మనిషి ఆకలిని కళ్లెదుట చూడవలసిన స్థితి కూడా ఉంది. వారి బాధ వీధికి రాలేదు. నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది.

ఈ బాధకు వైద్య గ్రంథాలలో కుంగుబాటు, ఆందోళన రుగ్మత వంటి పేర్లున్నాయి. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన మనిషి వాటిని వాడడు. అతనికి ఉన్న మాటలు రంది, మనాది, గుబులు. రంది అంటే పోని చింత. మనాది అంతకంటే లోతైనది. లోపలే పెట్టుకుని, ఎవరికీ చెప్పక, తిండీ నిద్రా తగ్గి మనిషి కృశించిపోయే దుఃఖం. మనాదితో పోయాడు అని ఊళ్లలో అనడం వినేవారికి కొత్త కాదు. మనోవేదన ప్రాణం తీయగలదని పల్లె భాషకు ఎప్పటినుంచో తెలుసు.

ఇబ్బంది ఆసుపత్రిలో మొదలవుతుంది. రంది అన్న మాటను గుజరాతీలోకీ హిందీలోకీ మార్చేసరికి అది టెన్షన్ అయిపోతుంది. టెన్షన్ అనేది అందరూ అనే మాట కనుక దానికి బరువు ఉండదు. అందువల్ల చాలామంది శరీరం గురించే చెబుతారు: తల బరువుగా ఉంది, గుండె దడగా ఉంది, కడుపులో మంట, ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టదు. మన దేశంలో మానసిక బాధ మొదట శరీర లక్షణాలుగా బయటపడడం సాధారణమని మనోవైద్యులు చెబుతూనే ఉన్నారు. వైద్యుడు ఒక్క ప్రశ్న అదనంగా అడగకపోతే రోగి గ్యాస్ మాత్రతో ఇంటికి వెళతాడు. కోవిడ్ కాలంలో ఇంకో చిక్కు కూడా ఉంది. గుండె దడ, ఊపిరాడనట్లు ఉండడం భయం వల్ల కలిగే లక్షణాలు. వాటినే వ్యాధి లక్షణాలుగా భావించి మరింత భయపడినవారున్నారు. పరీక్షకు వెళితే తీసుకుపోతారేమోనన్న భయంతో వ్యాధినే దాచినవారూ ఉన్నారు.

మత్తు విషయంలో గుజరాత్‌కూ తెలంగాణకూ తేడా కనిపిస్తుంది. తెలంగాణలో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడడంతో 2020 మార్చి చివరి రోజులలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి వణుకు, భ్రాంతులు, ఫిట్స్ వంటి లక్షణాలతో రోగులు వరుస కట్టారు. కల్తీ కల్లులో కలిపే మత్తు మందుకు అలవాటుపడినవారూ వారిలో ఉన్నారు. గుజరాత్‌లో మద్యనిషేధం ఏనాటి నుంచో ఉన్నందున అంతటి వరుస ఇక్కడ కనబడలేదు. అయితే చాటుగా దొరికే సరుకుకు అలవాటుపడిన మనిషి వైద్యుడి దగ్గర ఆ మాట చెప్పుకోలేడు. చెబితే నేరం ఒప్పుకున్నట్లవుతుందని అతని భయం.

ఆడవారి మీద భారం మరో రకంగా పడింది. ఒకే గదిలో రోజంతా అందరూ ఉంటే వంట, నీళ్లు, పిల్లల గోల, పని లేని మనిషి కోపం అన్నీ వారే భరించారు. దేశవ్యాప్తంగా గృహహింస ఫిర్యాదులు పెరగడంతో జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ నంబరును ప్రారంభించవలసి వచ్చింది. ఫోను చేయాలంటే ఏకాంతం కావాలి. ఒక్క గది ఇంట్లో ఆ ఏకాంతం దొరకదు. గుజరాత్‌లో మహిళల కోసం 181 అభయం సహాయ సేవ అంతకుముందు నుంచే పనిచేస్తోంది.

పిల్లల సంగతి పెద్దలకు ఆలస్యంగా అర్థమైంది. గుజరాత్‌లో 2020 మార్చి మధ్యలో మూసిన ప్రాథమిక తరగతులు 2021 నవంబరులో గానీ తెరుచుకోలేదు. దాదాపు ఇరవై నెలలు. ఇంటికి ఒకే ఫోను ఉండి, అది తండ్రితో పాటు బయటికి పోతే ఆన్‌లైన్ పాఠం అన్న మాటకు అర్థం లేదు.

2021 ఏప్రిల్‌లో వచ్చిన రెండో విడత ఇంకో గాయం చేసింది. సూరత్ శ్మశానాలలో కొలిమిలు ఆగకుండా మండి పొగగొట్టాల లోహం కరిగిందన్న వార్తలు దేశమంతా చూసింది. చివరి చూపు, పాడె మోయడం, పదిమందీ కూర్చుని ఏడవడం మన వారికి ఆచారాలు మాత్రమే కావు, దుఃఖం దిగడానికి ఉన్న మార్గాలు. అవి లేకుండా ప్లాస్టిక్‌లో చుట్టిన దేహాన్ని దూరం నుంచి చూసి వచ్చినవారిలో దుఃఖం నెలల తరబడి తీరకపోవచ్చు. ఊళ్లో తల్లి పోతే సూరత్‌లో ఉన్న కొడుకు ఫోనులో దహనం చూడవలసి వచ్చిన కాలం అది.

ఊరికి చేరినా అందరికీ ఆదరణ దక్కలేదు. 2020 మే 1న లింగంపల్లి నుంచి హటియాకు తొలి శ్రామిక్ రైలు బయలుదేరింది. తరువాత సూరత్ నుంచి కూడా అలాంటి బండ్లు నడిచాయి. అంతకుముందే తెలుగు రాష్ట్రాలలో అనేక గ్రామాలు పొలిమేరల్లో ముళ్లకంపలు వేసుకుని బయటివారిని ఆపాయి. వలస వెళ్లినవాడు పట్నంలో పరాయివాడు. ఆ రోజులలో సొంత ఊరికి కూడా అనుమానితుడయ్యాడు.

సూరత్‌కు ఇలాంటి ఖాళీ కావడం మొదటిసారి కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కగానే కొద్ది రోజులలోనే లక్షల మంది నగరం విడిచిపోయారు. పోవడం తప్పో ఒప్పో గానీ, అప్పుడు రైలు ఉంది, నిర్ణయం మనిషి చేతిలో ఉంది. 2020లో భయం అదే. వెళ్లే దారి మాత్రం మూసి ఉంది. చేయగలిగింది ఏదీ లేదన్న భావన మనసును కుంగదీసేవాటిలో ముఖ్యమైనదని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. నగరం పెద్దలలో ఈ రెండూ చూసినవారు ఇప్పటికీ ఉన్నారు.

ప్రపంచం మొత్తం మీద కోవిడ్ తొలి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2019లో 1,39,123 మంది, 2020లో 1,53,052 మంది, 2021లో 1,64,033 మంది బలవన్మరణం పాలయ్యారు. వారిలో రోజుకూలీలు 2019లో 32,563 మంది. 2021 నాటికి ఆ సంఖ్య 42,004కు చేరింది. దీనినంతటినీ లాక్‌డౌన్ ఖాతాలో వేయడం సరికాదు. ఒక మరణానికి ఒకే కారణం ఉండడం అరుదు. 2020 లెక్కలలో కుటుంబ సమస్యలు 33.6 శాతం, అప్పులు 3.4 శాతం, నిరుద్యోగం 2.3 శాతం అని నమోదైంది. అప్పు వల్ల ఇంట్లో గొడవ జరిగితే దానిని ఏ గడిలో రాస్తారన్నది రాసేవారి చేతిలో ఉంటుంది. కాబట్టి ఆ చిన్న అంకెలను చూసి ఆదాయ నష్టం పెద్ద కారణం కాదనుకోరాదు.

సహాయం విషయానికి వస్తే, వలస కార్మికుల భయాన్నీ ఆందోళననూ అధికారులు అర్థం చేసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చి 31నాటి ఉత్తర్వులోనే పేర్కొన్నది. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లుగా భావించి చికిత్స, సంరక్షణ అందించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. కనుక కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లకుండా ఆగరాదు. కోవిడ్ కాలంలో నిమ్హాన్స్ సహాయ సేవ, కేంద్ర సామాజిక న్యాయ శాఖ వారి కిరణ్ సేవ పనిచేశాయి. 2022 అక్టోబరు 10 నుంచి టెలి మానస్ అందుబాటులోకి వచ్చింది. నంబరు 14416. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఇరవై భాషలలో సేవ ఉంది, తెలుగు అందులో ఒకటి. గుజరాత్‌లో ఉన్నవారు కూడా తెలుగు కావాలని అడగవచ్చు. రంది, మనాది అన్న మాటలతోనే చెప్పుకోవచ్చు.

నిద్ర, ఆకలి తగ్గడం, దేనిమీదా మనసు పోకపోవడం రెండు వారాలకు మించి సాగితే వైద్యుణ్ణి కలవడం అవసరం. లింబాయత్‌కు దగ్గరలోని స్మిమేర్ నగరపాలక ఆసుపత్రిలో, మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రిలో మానసిక విభాగాలున్నాయి. కుంగుబాటు మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తేలికపడగానే వాటిని సొంతంగా ఆపకూడదు. వేసవికి ఊరు వెళ్లే కుటుంబాలలో చికిత్స తెగిపోయే ప్రమాదం ఎక్కువ. మందుల చీటీ, మిగిలిన మాత్రలు వెంట తీసుకువెళితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక విభాగంలోనైనా అదే చికిత్సను కొనసాగించుకోవచ్చు.