తొట్టిలోని సింధూరవృక్షము

ఓక్ అని ఆంగ్లేయులు పిలుచు వృక్షమునకు మన పల్లెలలో వాడుక పేరు లేదు. తెలుగు బైబిలు అనువాదకులు దానిని సింధూరవృక్షమని వ్రాసిరి. అబ్రాహాము గుడారము వేసికొన్న మమ్రే వనము ఆ పేరుతోనే తెలుగు చదువరులకు పరిచయమైనది. మన దక్కను నేలలో ఈ చెట్టు తనంతట మొలవదు. అయినను దానికి సంబంధించిన వస్తువొకటి తరతరములుగా మన యిండ్లలోనికి వచ్చుచునే యున్నది. పసిబిడ్డలకు సానమీద అరగదీసి నాకించు మాచికాయ నిజమునకు కాయయే కాదు. పశ్చిమాసియాలోని ఒక జాతి సింధూరపు లేత మొగ్గలో కందిరీగజాతి చిన్నపురుగు గ్రుడ్డు పెట్టగా, ఆ పిల్లపురుగు చుట్టును చెట్టు కట్టుకొన్న గట్టి బొడిపె అది. దాని వగరు రసమునకు అన్నభేదిని, జిగురును కలిపి చేసిన నల్లసిరాతోనే ఐరోపా దేశముల దస్తావేజులు శతాబ్దములపాటు వ్రాయబడెను. సీసా మూతికి బిగించు బెండు బిరడా మరియొక జాతి సింధూరపు బెరడు.

నేలమీద నూరడుగుల యెత్తు పెరుగు జాతులు గల ఇట్టి మహావృక్షమును, లోతు లేని తొట్టిలో మూరెడు ఎత్తున, ముదిమి రూపము చెడకుండ నిలుపు విద్య యొకటి కలదు. దానిని జపానువారు బోన్సాయ్ అందురు. పళ్ళెమువంటి తొట్టిలో నాటినదని ఆ మాటకు అర్థము. విద్య పుట్టినది మాత్రము చైనాలో. టాంగ్ వంశపు రాకుమారుడైన ఝాంగ్‌హువాయ్ సమాధి క్రీ.శ. 706లో కట్టబడినది, దాని గోడమీది చిత్రములో, చిన్న రాళ్ళును మొక్కలును అమర్చిన పళ్ళెమును చేతబట్టి నిలిచిన సేవకులు కనబడుదురు. జపానులో 1309 నాటి కసుగా దేవాలయపు చిత్రముల చుట్టలో తొట్టిచెట్లు కానవచ్చుచున్నవి.

జపానువారి ప్రాచీన నాటకములలో 'హచి నో కి' యనునది యొకటి. దాని కథ మనవారికి మిక్కిలి దగ్గరగా నుండును. భూమి పోగొట్టుకొని పేదయైన యొక యోధుని గుడిసెకు మంచు కురియు రాత్రి యొక సన్న్యాసి వచ్చెను. ఇంట కట్టెలు లేవు. మిగిలిన ఆస్తి యెల్ల మూడు తొట్టిచెట్లు: రేగుపండునకు దూరపు చుట్టమువలె కనబడు ప్లమ్, చెర్రీ, దేవదారువంటి పైన్. అతడు ఆ మూడింటిని నరికి మంటవేసి అతిథికి చలి కాచుకొన నిచ్చెను. ఆ సన్న్యాసి మారువేషములోని మాజీ రాజ్యపాలకుడు, హోజో తోకియోరి. పిమ్మట అతడు యోధుని భూమిని తిరిగి యిప్పించి, ఆ మూడు చెట్ల పేర్లు తమ పేర్లలో గల మూడు గ్రామములను దానముగా నిచ్చెను. శాంతిపర్వమున అతిథికై తానే మంటలో దూకిన కపోతము కథ విన్నవారికి ఈ నాటకము క్రొత్తగా తోచదు. అయితే పావురము ఇచ్చినది తన దేహమును. యోధుడు ఇచ్చినది ఎన్నియో యేండ్ల శ్రద్ధను. ఏది గొప్ప త్యాగమని తర్కించుట పండితుల పని.

సింధూరములలో జపాను తోటమాలులు ఎక్కువగా ఎరిగినది కషివా యను జాతి. దాని యాకు అరచేతికన్న పెద్దది. శీతకాలమున ఆకులు ఎండినను వెంటనే రాలక, చాలవరకు క్రొత్త చిగురు వచ్చువరకు కొమ్మనే అంటిపెట్టుకొని యుండును. పిల్ల కలుగనిదే పెద్దలు పోరని దీనిని వంశవృద్ధికి గుర్తుగా గ్రహించి, మే 5వ తేదీన జరుపు బాలుర పండుగనాడు బియ్యపుపిండి భక్ష్యములను ఈ యాకులలో చుట్టి తినుదురు. మోదుగాకు విస్తరి కుట్టు మనకు ఆకు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత పెద్ద ఆకు గల చెట్టును పొట్టిగా పెంచుట సులభము కాదు. సింధూరపు గింజ టోపీ పెట్టుకొన్నట్లుండును. అది మొలకెత్తుచునే తల్లివేరును నిట్టనిలువుగా నేలలోనికి దింపును. పెంచువాడు మొదట కత్తి పెట్టునది ఆ తల్లివేరునకే. అది తెగిన చోట ప్రక్కలకు పీచువేళ్ళు పుట్టును. అవి పుట్టిననే లోతు లేని తొట్టిలో చెట్టు నిలుచును. రెండు మూడేండ్ల కొకమారు, మొగ్గ ఉబ్బుటకు ముందు, చెట్టును పైకెత్తి ముదిరిన వేళ్ళు కోసి క్రొత్తమన్ను వేయుదురు. అప్పుడు పాతమన్నంతయు కడిగివేయరాదు. సింధూరపు వేళ్ళను తెల్లని బూజువంటి శిలీంధ్రము అల్లుకొని నీటిని, లవణములను అందించును గనుక, ఆ మన్ను కొంత మిగిల్చితీరవలెను. చిగుళ్ళు గిల్లగా గిల్లగా కొమ్మలు చిక్కబడి ఆకు క్రమముగా చిన్నదగును. కొమ్మలను తీగ చుట్టి వంచుదురు. అది బెరడులో దిగకముందే విప్పుదురు. ఆకలిచేత చెట్టు పొట్టిదగునని కొందరు అనుకొందురు. అది పొరపాటు. ఆకలిగొన్న చెట్టు ఎండిపోవును. దీనికి నీరును ఎరువును వేళకు అందవలసినదే.

మనవారు దీనికి వామనవృక్షమని పేరు పెట్టిరి. పేరు సొంపైనదే కాని, కథ తలక్రిందులైనది. బలియెదుట వామనుడు పెరిగి పెరిగి బ్రహ్మాండము నిండెను. ఇచ్చట త్రివిక్రముడు కాదగిన చెట్టును ఏటేట వామనునిగానే నిలుపుచున్నారు. పొట్టితనము గింజలో లేదు. ఆ చెట్టు గింజను నేలలో నాటిన మామూలు సింధూరమే మొలచును.

కనుక తొట్టిచెట్టు ఆయువు దానిదొక్కటే కాదు, పెంచు చేతులది కూడ. 1923 భూకంపమున టోక్యో నగరము కూలగా, అచ్చటి తోటమాలులు నగరము విడిచి 1925లో ఓమియా యను చోట బోన్సాయ్ పల్లెను కట్టుకొనిరి. అందు కాపురముండుటకు వారు పెట్టుకొన్న కట్టుబాట్లు చూడదగినవి: ఇంటికి పది తొట్టిచెట్లకు తక్కువ యుండరాదు, తోట వాకిలి అందరికి తెరచి యుంచవలెను, మేడ కట్టరాదు, ప్రహరీ బదులు పచ్చని కంచె యుండవలెను. హిరోషిమాలోని యమాకి కుటుంబము వారి తెల్ల పైన్ చెట్టు 1625 నుండి తొట్టిలో పెరుగుచున్నది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు అది సుమారు రెండు మైళ్ళ దూరమున, గోడ చాటున నుండి బ్రతికెను. 1976లో ఆ కుటుంబము దానిని బాంబు వేసిన అమెరికాకే కానుకగా నిచ్చి, ఆ సంగతి మాత్రము ప్రచారము చేయలేదు. 2001లో మనుమలు వాషింగ్టనుకు పోయి తాత పెంచిన చెట్టును చూచినప్పుడే అచ్చటివారికి కథ తెలిసినది.

సింధూరమును బడంగ్‌పేటలో పెంచవచ్చునా యని ఎవరైన అడుగవచ్చును. చలిదేశపు సింధూరమునకు ఏటేట నిద్ర కావలెను. మన చలి దానికి కన్ను మూయించునంతటిది కాదు. మన దేశమునకు చెందిన బాంజ్ సింధూరము కూడ కుమావూ, గఢ్వాల్ కొండలనే ఆశ్రయించినది. పొలములు ప్లాట్లై, పెరడు పోయి మేడమీది తొట్టి మిగిలిన ఈ కాలమున మనకు అంతదూరము పోవలసిన పనియు లేదు. పిట్ట రాల్చిన గింజ పాతబావి ఒరలోనో, ప్రహరీ నెర్రెలోనో మొలచి, పదేండ్లకు గూడ జానెడు దాటని రావిమొక్కను చూడనివారు లేరు. జపానువారు మొదట కొండబండలనుండి తెచ్చుకొన్నవి ఇట్టివే. గోడకు చేటని తెలిసియు, రావిని నరుకుట పాపమని వెనుదీయువారు మనలో అనేకులు. తొలకరి పడిన పిమ్మట వేరు చెదరకుండ దానిని తీసి, ఇటుకపొడి కలిపిన ఎర్రమన్నులో నాటిన గోడయు దక్కును, చెట్టును దక్కును.

అయితే తొట్టిలోని చెట్టు నేలమీది చెట్టునకు బదులు కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదమున చెట్టుకు చెట్టుకు నడుమ ఇరువది మూరల యెడము ఉత్తమమని, పదునారు మధ్యమమని, పన్నెండునకు తగ్గరాదని చెప్పెను. నీడనిచ్చు చెట్టుకు చోటు విడువవలెనన్నదే ఆయన చింత. మన రంగారెడ్డి జిల్లాలోనే చేవెళ్ళ మీదుగా బీజాపూరు పోవు బాటకు ఇరువైపుల నిలిచిన తొమ్మిదివందల పాతమర్రుల సంగతి, బాట వెడల్పు చేయు సందర్భమున హరిత ట్రిబ్యునలు వరకు పోవలసివచ్చెను. పాలమూరు దగ్గరి పిల్లలమర్రికి ఏడువందల యేండ్లని ప్రతీతి. అది మూడెకరములకు పైగా ప్రాకినది. చెదలు తొలిచి, జనులు కొమ్మలెక్కి ఊగి, 2017 చివర పెద్దకొమ్మ విరిగిపడిన తరువాత గాని దానివైపు చూచినవారు లేరు. 2018లో వైద్యము సాగినది. రోగికి సెలైను పెట్టినట్లు సీసాలు వ్రేలాడదీసి చెదలమందును చుక్క చుక్కగా మానులోనికి ఎక్కించిరి. వ్రాలిన కొమ్మల క్రింద స్తంభములు కట్టిరి. లేత ఊడలను గొట్టములలోనికి దించి నేలకు చేర్చిరి. కొంతకాలమునకు చిగుళ్ళు కనబడెను.